తుప్పెరుగని ఉక్కు – హ్యారీ బ్రియర్లీ

ఇనుమును కొలిమిలో కాచి పనిముట్టుగా మలచుకొన్న నాటినుండి మానవుణ్ణి వెన్నంటి వచ్చిన శత్రువు తుప్పు. రణరంగంలో మెరిసిన ఖడ్గాన్నైనా, పొలం దున్నిన నాగటి కర్రునైనా అది విడిచిపెట్టదు. ఆవకాయ కోసం మామిడికాయలు తరిగిన ఇనుప కత్తిపీట కొద్దిసేపటికే నల్లబడడం, తడి తుడవకుండా దానిని మూలన పెడితే మరునాటికి ఎర్రని పొర కట్టడం మన పెద్దలందరికీ అనుభవమే. ఆ బెడద లేని చాకులు, గిన్నెలు, శస్త్రచికిత్సా పరికరాలు నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. ఈ మార్పునకు దోహదం చేసినవారు పలువురున్నారు. అయితే చాకులకు తగిన తుప్పుపట్టని ఉక్కును పోతపోసి, దాని ప్రయోజనాన్ని గుర్తించి, అది ప్రజల చేతికి అందేవరకు పట్టు విడువక శ్రమించినవాడు ఇంగ్లండు దేశస్థుడైన హ్యారీ బ్రియర్లీ. పన్నెండేళ్ళ వయసులోనే చదువు మానిన ఒక కార్మికుని కుమారుడు ఈ ఘనతను ఎట్లు సాధించాడో, సాధించిన పిదప దానిని తనదని నిలుపుకోవడానికి ఎంత పోరాడవలసి వచ్చిందో తెలిపేదే ఆయన జీవితం.

బ్రియర్లీ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా ఆయన పుట్టిన షెఫీల్డ్ నగరాన్ని గురించి తెలుసుకోవాలి. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో, కొండల నడుమ వెలసిన నగరమది. ఆ కొండలనుండి దిగివచ్చే సెలయేళ్ళ వేగంతో సానరాళ్ళను తిప్పుతూ అక్కడి పనివారు శతాబ్దాలపాటు కత్తులకు పదును పెట్టారు. 14వ శతాబ్ది నాటికే షెఫీల్డ్ చాకులకు ఇంగ్లండు అంతటా పేరుండేది. 1624లో పార్లమెంటు చట్టం ద్వారా అక్కడి కత్తుల తయారీదారుల సంఘం ఏర్పడింది. 1740 ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల తయారీదారు మట్టి మూసలలో ఉక్కును కరిగించి పోతపోసే పద్ధతిని అక్కడ నెలకొల్పాడు. నాటినుండి షెఫీల్డ్ ఉక్కు నగరమయింది.

మూసలో ఉక్కును తయారుచేసే విద్య మన దక్షిణ భారతదేశంలో అంతకు ఎన్నో శతాబ్దాల పూర్వమే వర్ధిల్లింది. తెలంగాణలోని కోనసముద్రం వంటి గ్రామాలలో తయారైన ఉక్కు ముద్దలను పారశీక వర్తకులు కొనుగోలు చేసేవారు. ఆ ఉక్కునే ఐరోపావాసులు ఊట్జ్ అని వ్యవహరించారు. ఈ పేరు దక్షిణ భారత భాషలలోని ఉక్కు అనే మాటనుండి ఏర్పడిందని పండితుల అభిప్రాయం. 19వ శతాబ్ది ఆరంభంలో ఈ ఉక్కు రహస్యాన్ని ఛేదించదలచిన ఆంగ్ల శాస్త్రవేత్తలలో మైకేల్ ఫారడే ఒకడు. కత్తుల తయారీదారైన జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఆయన ఉక్కులో వేర్వేరు లోహాలను చేర్చి పరీక్షించాడు. ఆ లోహాలలో క్రోమియం కూడా ఉండడం విశేషం. దాదాపు తొంబై ఏళ్ళ తరువాత బ్రియర్లీకి కీర్తి తెచ్చిపెట్టిన లోహం ఈ క్రోమియమే.

హ్యారీ బ్రియర్లీ 1871 ఫిబ్రవరి 18న షెఫీల్డ్‌లో జన్మించాడు. తండ్రి జాన్ బ్రియర్లీ థామస్ ఫర్త్ అండ్ సన్స్ అనే ఉక్కు కర్మాగారంలో మూసలలో ఉక్కు కరిగించే కార్మికుడు. తల్లి జేన్. ఇరుకైన ఇల్లు, పెద్ద సంసారం, చాలీచాలని కూలి. బాలుడైన హ్యారీకి బడిలో చదివిన పాఠాలకన్న కర్మాగారాల వాకిళ్ళలో నిలబడి చూసిన దృశ్యాలే ఎక్కువ విషయాలు నేర్పాయి. ఎర్రగా కాగిన ఇనుము సమ్మెట దెబ్బలకు సాగే తీరు, సానరాతిపై ఎగిసే నిప్పురవ్వలు, మూస మూత తీసి లోపలి లోహపు రంగును చూసి అది పోతకు సిద్ధమయిందో లేదో చెప్పగల కార్మికుల నేర్పు అతని మనస్సులో చెరగని ముద్ర వేశాయి.

పన్నెండేళ్ళ వయసులో హ్యారీ చదువుకు స్వస్తి చెప్పి పనిలో ప్రవేశించాడు. కొంతకాలం చిన్నచిన్న పనులు చేసి, 1883లో తండ్రి పనిచేసే కర్మాగారంలోనే రసాయన ప్రయోగశాలలో సహాయకుడుగా కుదిరాడు. సహాయకుడన్న మాటే గాని అతని పని సీసాలు కడగడం. అయినా అది అతని భాగ్యమనే చెప్పాలి. ఏలననగా ఆ ప్రయోగశాలకు అధిపతి జేమ్స్ టేలర్. ఆ బాలునిలోని జిజ్ఞాసను గుర్తించిన టేలర్ అతనికి గణితం చెప్పాడు, పుస్తకాలు సమకూర్చాడు, రాత్రి బడికి వెళ్ళమని ప్రోత్సహించాడు. అంతటితో ఆగక వడ్రంగం, గాజు గొట్టాలను వంచి అతకడం, లోహపు అతుకులు వేయడం వంటి చేతిపనులను కూడా నేర్పించాడు. తన ఉపకరణాన్ని తానే తయారుచేసుకోగలవాడే నిజమైన ప్రయోగకర్త అన్న నమ్మకం హ్యారీలో ఆనాడే పాదుకొన్నది. కొన్నేళ్ళకు టేలర్ ఆస్ట్రేలియా వెళ్ళిపోయినా, ఆ గురువు చూపిన దారిని శిష్యుడు విడిచిపెట్టలేదు. పగలు పని, రాత్రి చదువు. ఈ విధంగా సీసాలు కడిగిన బాలుడు క్రమంగా ఉక్కును విశ్లేషించే రసాయనికుడయ్యాడు.

1895లో బ్రియర్లీకి హెలెన్ థెరీసా క్రాంక్‌తో వివాహం జరిగింది. 1901లో ఆయన కైజర్ ఎలిసన్ అనే మరొక ఉక్కు సంస్థలో రసాయనికుడుగా చేరాడు. మరుసటి సంవత్సరం ఫ్రెడ్ ఇబట్సన్‌తో కలిసి ఉక్కు కర్మాగారాలలో వాడే పదార్థాల విశ్లేషణపై ఒక గ్రంథాన్ని వెలువరించాడు. పన్నెండేళ్ళకే బడి వదలిన వ్యక్తి ముప్పై ఒకటవ ఏట ఉక్కు రసాయనికులకు ఉపయోగపడే గ్రంథానికి కర్త కావడం ఆయన దీక్షకు నిదర్శనం.

1904లో ఫర్త్ సంస్థ ఆయనను రష్యా సామ్రాజ్యంలోని రీగా నగరానికి పంపింది. నేడు రీగా లాట్వియా దేశపు రాజధాని. అక్కడి సాలమాండర్ కర్మాగారంలో మొదట రసాయనికుడుగా, పిదప నిర్వాహకుడుగా ఆయన పనిచేశాడు. 1905లో రష్యాలో చెలరేగిన విప్లవం రీగాను కూడా కుదిపివేసింది. అలజడుల నడుమ కర్మాగారాన్ని నడిపించడం, భాష తెలియని కార్మికులకు ఉక్కు పనిలోని మెలకువలను బోధించడం ఆయనకు గొప్ప అనుభవాన్నిచ్చాయి. ప్రయోగశాలలోని విజ్ఞానం కార్మికుని చేతిలో ఆచరణగా మారినపుడే దానికి సార్థకత అని ఆయన గ్రహించాడు.

బ్రియర్లీ స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత, 1908లో ఫర్త్ సంస్థ, జాన్ బ్రౌన్ సంస్థ కలిసి షెఫీల్డ్‌లో ఒక పరిశోధనాలయాన్ని స్థాపించాయి. దానికి బ్రియర్లీ అధిపతి అయ్యాడు. ఒకనాడు సీసాలు కడిగినవాడు పరిశోధకులకు మార్గదర్శకుడయ్యాడు.

1912లో ఆ పరిశోధనాలయం ముందుకు ఒక సమస్య వచ్చింది. తుపాకి పేల్చినపుడు పుట్టే అతివేడి వాయువుల తాకిడికి, గుండు రాపిడికి తుపాకి గొట్టాల లోపలి భాగం త్వరత్వరగా అరిగిపోతున్నది. అరిగిన గొట్టంనుండి వెలువడిన గుండు గురి తప్పుతుంది. వేడికి మరింత ఓర్చుకొనే ఉక్కు కావాలి. సాధారణమైన ఉక్కుకన్న క్రోమియం ఎక్కువగా ఉన్న ఉక్కు ఇందుకు ఉపకరిస్తుందని బ్రియర్లీ భావించాడు. వివిధ పాళ్ళలో క్రోమియం, కర్బనం చేర్చి పోతలు పోయించాడు. మూసలలో పోసిన తొలి పోతలలో కర్బనం ఎక్కువై అవి పనికిరాకుండా పోయాయి. తరువాత విద్యుత్ కొలిమిలో ప్రయత్నించాడు. 1913 ఆగస్టు 13న పోసిన పోతలో సుమారు 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కర్బనం ఉన్నాయి. బ్రియర్లీ పేరును చిరస్థాయిగా నిలిపినది ఆ పోతయే.

ఉక్కు అంతర్నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలంటే ముందుగా దాని ఉపరితలాన్ని అద్దంలా మెరుగుపెట్టి, పలుచని నత్రికామ్లంతో తడపాలి. ఆమ్లం లోహాన్ని అక్కడక్కడ కొరికినపుడే లోపలి రేణువుల ఆకృతి కంటికి కనబడుతుంది. కాని ఈ కొత్త ఉక్కుపై ఆమ్లం పనిచేయలేదు. ఎంతసేపు ఉంచినా నునుపైన తలం నునుపుగానే ఉండిపోయింది. తుపాకి గొట్టాల సంగతి చూడవలసిన పరిశోధకునికి ఇది ఒక ఆటంకం. ఆమ్లం గాఢతను పెంచి తన పని తాను ముగించుకొనేవారే లోకంలో ఎక్కువ. బ్రియర్లీ అట్లు చేయలేదు. ఆమ్లానికి లొంగని ఈ ఉక్కు ఇంకా వేటికి లొంగదోనని ఆలోచించాడు. వెనిగర్‌తో, నిమ్మరసంతో పరీక్షించాడు. మరక పడలేదు. గాలి, తేమలలో ఉంచాడు. తుప్పు పట్టలేదు. చెత్తకుప్పలో పడవేసిన ముక్క ఒకటి మెరుస్తూ కనబడగా ఆయన ఈ ఉక్కును కనుగొన్నాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. వినసొంపైన కథయే గాని, వాస్తవానికి ఈ ఆవిష్కరణ జరిగినది ప్రయోగశాల బల్లపై, పరిశీలనాదక్షత వలన.

ఈ ఉక్కు తుప్పు పట్టకపోవడానికి కారణమేమి? ఇనుము గాలిలోని ప్రాణవాయువుతోను, తేమతోను కలిసినపుడు తుప్పు ఏర్పడుతుంది. తుప్పు గుల్లగా ఉండి పెచ్చులుగా రాలుతుంది కనుక లోపలి లోహం మళ్ళీ గాలికి బయటపడుతుంది. ఈ విధంగా ఇనుము పొరపొరగా నశిస్తుంది. క్రోమియం స్వభావం వేరు. అది కూడా ప్రాణవాయువుతో కలుస్తుంది. కాని అట్లు ఏర్పడిన క్రోమియం ఆక్సైడు పొర లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకొని కవచంలా కాపాడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో లక్షవ వంతుకన్న తక్కువ. కంటికి కనబడదు, లోహపు మెరుపును మరుగుపరచదు. గీత పడితే గాలి తగిలిన వెంటనే తనంతట తాను తిరిగి ఏర్పడుతుంది. ఈ కవచం నిలకడగా ఏర్పడాలంటే ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. బ్రియర్లీ పోతలో అంతకన్న ఎక్కువే ఉన్నది.

క్రోమియం గుణాన్ని గుర్తించినవారిలో బ్రియర్లీ మొదటివాడు కాడు. ఫ్రాన్సు దేశస్థుడైన పియర్ బెర్తియే 1821లోనే క్రోమియం కలిసిన ఇనుము ఆమ్లాలను తట్టుకొంటుందని గమనించి, కత్తుల తయారీకి దానిని సూచించాడు కూడా. అయితే ఆ కాలంలో కర్బనాన్ని తగ్గించి క్రోమియంను మాత్రమే అధికంగా చేర్చే సాధనం లేదు. కర్బనం పెరిగిన మిశ్రమలోహం పెళుసై పగిలిపోయేది. 1890 తరువాతి దశకంలో జర్మనీలో హాన్స్ గోల్డ్‌ష్మిట్ కర్బనరహిత క్రోమియంను తీసే పద్ధతిని కనుగొన్నాడు. అప్పటికిగాని ఆ చిక్కు వీడలేదు. ఆ తరువాత ఫ్రాన్సులో లియోన్ గిలే క్రోమియం ఉక్కులను అధ్యయనం చేశాడు. జర్మనీలోని క్రుప్ సంస్థ పరిశోధకులు 1912లో నికెలు, క్రోమియం కలిసిన ఉక్కులకు పేటెంటు కోరారు. ఈ చరిత్ర బ్రియర్లీ ఘనతను తగ్గించదు. తుప్పు పట్టని ఉక్కు ఒకటి ఉన్నదని తెలుసుకోవడం ఒక మెట్టు. అది ఎవరికి, ఏ పనికి ఉపయోగపడుతుందో గుర్తించడం రెండవ మెట్టు. దానిని పనివాని చేతిలో లొంగేటట్లు చేయడం మూడవ మెట్టు. ఈ మూడు మెట్లను ఎక్కినందువల్లనే చాకుల ఉక్కు చరిత్రలో బ్రియర్లీ పేరు నిలిచింది.

కత్తుల నగరంలో పుట్టి పెరిగినవాడు కనుక బ్రియర్లీ చూపు వెంటనే భోజనపు చాకులపైకి మళ్ళింది. ఆనాడు పాశ్చాత్యుల భోజనపు బల్లలపై ఉండే కర్బన ఉక్కు చాకులు పుల్లని పండు తగిలితే నల్లబడేవి. ప్రతి భోజనం తరువాత వాటిని రాపిడి పొడితో తోమి, తుడిచి, ఆరబెట్టాలి. కలవారి ఇళ్ళలో వెండి సామానో, వెండిపూత సామానో ఉండేది. సామాన్యుల ఇళ్ళలో ఆ చాకిరీ నిత్యకృత్యం. తన ఉక్కుతో ఆ శ్రమ తీరుతుందని బ్రియర్లీ యజమానులకు నివేదించాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్లు, వారు ఆ మాటను పెడచెవిని పెట్టారు. వారి దృష్టి అంతా యుద్ధసామగ్రి పైననే ఉన్నది.

బ్రియర్లీ నిరుత్సాహపడక షెఫీల్డ్‌లోని ఇద్దరు కత్తుల తయారీదారులకు ఆ ఉక్కును ఇచ్చి చూశాడు. ఫలితం మరింత నిరాశాజనకమయింది. ఈ ఉక్కు సమ్మెటకు లొంగదని, సానకు అరగదని, పదును నిలుపుకోదని వారు తేల్చివేశారు. కోయని కత్తులను కనిపెట్టినవాడని ఊరివారు ఆయనను ఎగతాళి చేశారు.

లోపం ఉక్కులో లేదు. దానిని కాచిన పద్ధతిలో ఉన్నది. కత్తికి కావలసిన కాఠిన్యం రావడానికి ఉక్కును ఎర్రగా కాచి ఒక్కసారిగా చల్లబరుస్తారు. మన కమ్మరులు దీనినే పాయనం పెట్టడం అంటారు. సాధారణ కర్బన ఉక్కుకు 750 నుండి 800 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చాలు. ఈ కొత్త ఉక్కుకు సుమారు 1000 డిగ్రీలు కావాలి. తరతరాలుగా ఎరుపు రంగును చూసి వేడిని అంచనా వేసే పనివారు అలవాటైన రంగు రాగానే ఉక్కును కొలిమినుండి తీశారు. చాలినంత వేడి తగలని ఉక్కు మెత్తగానే ఉండిపోయింది. అట్టి చాకు ఎట్లు కోస్తుంది? మరొక చిక్కు కూడా ఉన్నది. ఎక్కువగా కాచి సాగగొట్టిన పిమ్మట ఈ ఉక్కు నీటిలో ముంచకుండానే, చల్లని గాలి సోకినంత మాత్రాన గట్టిపడుతుంది. దానిని మళ్ళీ కాచి మెత్తబరచకుండా చెక్కబోతే పనిముట్లే దెబ్బతింటాయి. వేడిని కొలిచి పనిచేసే విద్యలో ఆరితేరిన బ్రియర్లీకి ఈ రహస్యం బోధపడింది. కాని ఆయన మాట విని మరల ప్రయత్నించే పనివాడు కావాలి.

అట్టివాడు 1914లో దొరికాడు. రాబర్ట్ మోస్లీ కత్తుల సంస్థలో నిర్వాహకుడైన ఎర్నెస్ట్ స్టూవర్ట్ ఆ సంస్థకు నెలవైన పోర్ట్‌లాండ్ వర్క్స్‌లో ఈ ఉక్కుతో చాకులు చేయడానికి పూనుకొన్నాడు. మొదటి ప్రయత్నం, రెండవ ప్రయత్నం విఫలమయ్యాయి. బ్రియర్లీ స్వయంగా వెళ్ళి కొలిమి ప్రక్కన నిలబడి, ఎంత కాచాలో, ఎప్పుడు చల్లబరచాలో చూపించాడు. మూడవ ప్రయత్నంలో మెరుపు, పదును రెండూ ఉన్న చాకులు తయారయ్యాయి. బ్రియర్లీ ఈ ఉక్కును మొదట తుప్పులేని ఉక్కు అని వ్యవహరించేవాడు. వెనిగర్‌తో పరీక్షించి మరక పడకపోవడం చూసిన స్టూవర్ట్ దానిని మరకలేని ఉక్కు అన్న అర్థంలో స్టెయిన్‌లెస్ స్టీలు అన్నాడు. ఆ పేరే లోకంలో స్థిరపడింది. బ్రియర్లీ కొన్ని చాకులను మిత్రులకు పంచి, ఏ ఆహారం వల్లనైనా మరక పడితే తిరిగి ఇవ్వమని కోరాడు. ఒక్కటి కూడా తిరిగిరాలేదు.

చాకులు విజయవంతమైన తరువాత అసలు వివాదం మొదలయింది. అంతవరకు ఉపేక్షించిన యజమానులు ఇప్పుడు ఈ ఉక్కును తమదిగా ప్రకటించుకొన్నారు. తమ ధనంతో, తమ పరిశోధనాలయంలో పుట్టినది కనుక అది తమ సొత్తు అని వారి వాదం. తుపాకి గొట్టాల పరిశోధనలో తాను ఆమ్లపరీక్షను గమనించి, చాకులను ఊహించి, వారు వద్దన్నా తయారుచేయించానని, కావున తన పేరు, తన భాగం తనకు దక్కాలని బ్రియర్లీ వాదం. ఆయన కోరినది ధనం మాత్రమే కాదు. కార్మికుడు కేవలం కూలికి పనిచేసే యంత్రం కాడని, అతని బుద్ధికి కూడా గౌరవం ఉండాలని ఆయన విశ్వాసం. రాజీ కుదరకపోవడంతో 1914 డిసెంబరులో ఆయన తన పదవికి రాజీనామా చేశాడు. నలబై మూడేళ్ళ వయసులో, మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైన రోజులలో, తాను నిర్మించిన పరిశోధనాలయాన్ని వదలి బయటికి నడిచాడు. 1915లో బ్రౌన్ బేలీ ఉక్కు కర్మాగారంలో నిర్వాహకుడుగా చేరాడు.

బ్రిటన్‌లో ఈ ఉక్కుకు సకాలంలో పేటెంటు తీసుకోనందున అక్కడ ఆ హక్కు చేజారింది. జాన్ మాడక్స్ అనే వృద్ధుడు ప్రోత్సహించగా బ్రియర్లీ అమెరికాలో దరఖాస్తు చేశాడు. 1916 సెప్టెంబరు 5న ఆయనకు అమెరికా పేటెంటు లభించింది. అదే కాలంలో ఎల్వుడ్ హెయిన్స్ అనే అమెరికన్ కూడా క్రోమియం ఉక్కుపై స్వతంత్రంగా కృషి చేసి పేటెంటు కోరాడు. చివరకు ఇరువురి హక్కులు 1918లో ఏర్పడిన అమెరికన్ స్టెయిన్‌లెస్ స్టీల్ కంపెనీ ద్వారా ఏకమయ్యాయి. ఇంగ్లండులో ఫర్త్ సంస్థకు, బ్రియర్లీకి మధ్య 1917లో సయోధ్య కుదిరి ఫర్త్-బ్రియర్లీ స్టెయిన్‌లెస్ స్టీల్ సిండికేట్ ఏర్పడింది. తన ఉక్కు పేరు ప్రక్కన తన పేరు ఉండాలన్న ఆయన పట్టుదల ఈ విధంగా నెరవేరింది. అయినా కలిగిన గాయం మాత్రం పూర్తిగా మానలేదు.

యుద్ధకాలంలో ఈ ఉక్కు చాకులకు దొరకడం కష్టమయింది. విమాన యంత్రాలలో వేడిపొగను వెలుపలికి వదిలే కవాటాలకు దానిని కేటాయించారు. యుద్ధానంతరం చాకుల పరిశ్రమ మళ్ళీ ఊపందుకొన్నది. బ్రియర్లీ తరువాత ఆ పరిశోధనాలయానికి అధిపతి అయిన విలియం హాట్‌ఫీల్డ్ 1924లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు గల మరొక రకాన్ని రూపొందించాడు. సాగే గుణం గల ఈ రకం గిన్నెలకు, చెంచాలకు, పాల పరిశ్రమ పాత్రలకు అనువైనది. కాని ఎంత కాచి చల్లబరచినా అది గట్టిపడదు కనుక కత్తి అలుగుకు పనికిరాదు. అందువల్ల చాకుల విషయంలో నేటికీ బ్రియర్లీ పోతకు దగ్గరి చుట్టమైన ఉక్కునే వాడుతున్నారు. ఒక అయస్కాంతాన్ని తీసుకొంటే ఈ భేదం తెలుస్తుంది. చాకు అలుగు అయస్కాంతానికి గట్టిగా అంటుకొంటుంది. నికెలు కలిసిన 18-8 రకం గిన్నె సాధారణంగా అంటుకోదు.

చాకు ఉక్కు రూపకల్పనలో ఒక ధర్మసంకటం ఉన్నది. కర్బనం పెంచితే అలుగు గట్టిపడి పదును ఎక్కువకాలం నిలుస్తుంది. కాని ఆ కర్బనం కొంత క్రోమియంను తనతో బంధించుకొంటుంది. బంధింపబడిన క్రోమియం కవచానికి తోడ్పడదు. కనుక కర్బనం పెంచినపుడు క్రోమియంను కూడా పెంచవలసి ఉంటుంది. సాధారణ భోజనపు చాకులలో సుమారు 13 శాతం క్రోమియం, 0.2 నుండి 0.4 శాతం వరకు కర్బనం ఉంటాయి. అధిక కాఠిన్యం కోరే కత్తులకు వాడే ఒక రకంలో 17 శాతం క్రోమియం, 1 శాతం వరకు కర్బనం ఉంటాయి. సరిగా పాయనం పెట్టి మెరుగుపెట్టిన అలుగులో క్రోమియం అంతటా సమంగా వ్యాపించి ఉంటుంది కనుక తుప్పును తట్టుకొనే శక్తి కూడా అధికమవుతుంది. ఈ జాతి ఉక్కులు వైద్యుల కత్తెరలకు, శస్త్రాలకు, క్షురకుల కత్తులకు, ఆవిరి టర్బైన్ల రెక్కలకు కూడా ఉపయోగపడుతున్నాయి. అయితే తుప్పెరుగని ఉక్కు అన్నమాత్రాన దానికి ఏ హాని కలగదని భావించరాదు. ఉప్పునీటిలో చాలాసేపు నానబెట్టినా, బ్లీచింగు ద్రవం తగిలినా ఆ కవచం అక్కడక్కడ తెగి సన్నని గుంటలు పడతాయి. చాకును వాడిన వెంటనే కడిగి తుడవడం మంచిది.

1920లో ఐరన్ అండ్ స్టీల్ ఇన్‌స్టిట్యూట్ బ్రియర్లీని బెస్సెమర్ బంగారు పతకంతో సత్కరించింది. ఉక్కు శాస్త్రంలో ఎంతో గౌరవప్రదమైన పురస్కారమది. 1925లో ఆయన బ్రౌన్ బేలీ సంస్థకు డైరెక్టరయ్యాడు. 1939లో షెఫీల్డ్ నగరం ఆయనకు గౌరవ పౌరసత్వాన్ని ఇచ్చింది. ఒకనాడు ఎగతాళి చేసిన ఊరే ఆయనను తనవాడని చెప్పుకొన్నది.

ఇంతటి కీర్తి వచ్చినా బ్రియర్లీ తన మూలాన్ని మరువలేదు. 1933లో ఉక్కు కార్మికులను గురించి ఒక గ్రంథాన్ని, 1941లో తన ఆత్మకథను ప్రకటించాడు. మూసలు చేసేవారిని, ఉక్కు కరిగించేవారిని, సమ్మెట కొట్టేవారిని ఆయన ఆ రచనలలో ఆదరంతో చిత్రించాడు. రసాయన విశ్లేషణ ఎంత అవసరమైనా, ఉక్కు మంచిచెడులను అది ఒక్కటే చెప్పలేదని, కొలిమి ముందు జీవితం గడిపిన కార్మికుని కంటికి, చేతికి తెలిసిన విద్య కూడా శాస్త్రమేనని ఆయన దృఢంగా నమ్మాడు. ప్రయోగశాలకు, కొలిమికి నడుమ ఉన్న అగాధాన్ని పూడ్చడానికే ఆయన జీవితమంతా పాటుపడ్డాడు. 1941లోనే ఫ్రెష్‌గేట్ అనే ధర్మనిధిని స్థాపించాడు. తనవలె బీదరికంలో పుట్టినవారికి విద్య, విజ్ఞానం, విహారం వంటి అవకాశాలు కలగాలన్నది ఆయన ఆశయం.

1948 జూలై 14న ఇంగ్లండు దక్షిణతీరంలోని టార్కీ పట్టణంలో బ్రియర్లీ కన్నుమూశాడు. ఆయన ఆవిష్కరణకు నూరేళ్ళు నిండిన 2013లో షెఫీల్డ్ నగరంలోని ఒక ఎత్తైన గోడపై ఆయన నిలువెత్తు చిత్రాన్ని చిత్రించారు. తొలి స్టెయిన్‌లెస్ చాకులు తయారైన పోర్ట్‌లాండ్ వర్క్స్‌ను అదే సంవత్సరం స్థానికులు వాటాలు వేసుకొని కొని కాపాడుకొన్నారు. ఆ ప్రాంగణంలో చేతిపనివారు నేటికీ పనిచేస్తున్నారు.

ఆమ్లం పనిచేయకపోవడం ఇతరులకు ఆటంకం. బ్రియర్లీకి అది ఒక సూచన. కత్తి కోయకపోవడం ఇతరులకు పరాజయం. ఆయనకు అది సరిదిద్దవలసిన వేడి. అనుకొన్న ఫలితం రానపుడు విసుగు చెందక, వచ్చిన ఫలితం ఏమి చెబుతున్నదో ఓపికతో వినగలగడం శాస్త్రదృష్టికి మొదటి లక్షణం. ఆ దృష్టి పట్టాలతోనే అబ్బదని, పనిని ప్రేమించి, కన్నులు తెరచి చూసేవారెవరికైనా అది సాధ్యమేనని సీసాలు కడగడంతో ఆరంభమైన ఈ జీవితం నిరూపిస్తున్నది.